ప్రైవేటు యూనివర్సిటీలో చేరుతున్నారా? సెమిస్టర్ లెక్క మొదటి వారం నుంచే మొదలవుతుంది

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, విజయనగరం కోట జంక్షన్ నుంచి శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దాకా ఎటు చూసినా కాలేజీల ఫ్లెక్సీలే. ప్యాకేజీలు, ఏసీ క్లాసులు, స్విమ్మింగ్ పూల్ అన్నీ వాటి మీద ఉంటాయి. చేరాక రోజు ఎలా గడుస్తుందో, మార్కులు ఎక్కడ పడతాయో, ఎక్కడ జారిపోతాయో మాత్రం ఉండదు. ఈ పోస్టు దాని గురించే. రాబోయే నాలుగేళ్లు అక్కడ ఉండబోయే పిల్లలతోపాటు, ఫీజు కట్టే అమ్మానాన్నలు కూడా చదవాలని రాస్తున్నాను.

ప్రైవేటు యూనివర్సిటీలో సిలబస్ రాసేది వాళ్లే. పేపరు పెట్టేది, దిద్దేది, పట్టా ఇచ్చేది కూడా వాళ్లే. బయటి నుంచి పేపరు రాదు, బయట దిద్దరు. దానివల్ల చదువు పరీక్షల ముందు వారానికి పోగుపడి ఉండదు. క్విజ్, అసైన్‌మెంట్, ల్యాబ్, మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) అంటూ వారం వారం చిన్న చిన్న మార్కులుగా జమవుతూ ఉంటుంది. ఇంటర్‌లో రెసిడెన్షియల్ కాలేజీవాళ్లు తెల్లవారుజామునే లేపి స్టడీ అవర్లో కూర్చోబెట్టారు. ఇక్కడ ఎవరూ కూర్చోబెట్టరు, కానీ లెక్క మాత్రం రోజూ రాసుకుంటారు. తెలివైన పిల్లలు మొదటి సెమ్‌లో దెబ్బతినేది ఇక్కడే.

ముందు, చేరుతున్నది ఏ రకం సంస్థో తెలుసుకోండి. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇంజనీరింగ్ కాలేజీలు చాలావరకు జేఎన్టీయూ గురజాడ విజయనగరం కిందివే. వాటిల్లో అటానమస్ హోదా ఉన్నవి సిలబస్, పరీక్షలు సొంతంగా చూసుకున్నా, పట్టా మీద ఉండేది జేఎన్టీయూ పేరే. ప్రైవేటు యూనివర్సిటీ మాత్రం రాష్ట్ర ప్రభుత్వం 2016లో చేసిన ప్రైవేటు యూనివర్సిటీల చట్టం కింద ఏర్పడి, తన పేరు మీదే పట్టా ఇస్తుంది. నెల్లిమర్ల మండలం టెక్కలిలో ఉన్న సెంచూరియన్ యూనివర్సిటీ ఈ కోవలోది. విశాఖలోని గీతం డీమ్డ్ యూనివర్సిటీ, అంటే యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టం సెక్షన్ 3 కింద హోదా పొందినది. (అడ్రసులో టెక్కలి అని చూసి శ్రీకాకుళం జిల్లా టెక్కలి అనుకునేవాళ్లు ఉంటారు. ఇది నెల్లిమర్ల దగ్గర ఊరు. రెండింటికీ మధ్య దూరం వంద కిలోమీటర్ల పైమాటే.) ఒకే పేరుతో రెండు రాష్ట్రాల్లో క్యాంపస్‌లు ఉన్నప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. పాతపట్నం దాటగానే పర్లాకిమిడి వస్తుంది, మనకు పక్క ఊరే. కానీ అది ఒడిశా. అక్కడి క్యాంపస్‌లో మన ఈఏపీసెట్ కన్వీనర్ సీటు, అంటే ర్యాంకుని బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీటు, ఉండదు.

ఇంజనీరింగ్ కాకుండా వేరే కోర్సు తీసుకుంటే యూనివర్సిటీకి గుర్తింపు ఉందని ఊరుకోవద్దు. కోర్సుకి విడిగా గుర్తింపు ఉందో లేదో చూడాలి. బీఎస్సీ అగ్రికల్చర్‌కి ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) అక్రెడిటేషన్, బీఫార్మసీకి ఫార్మసీ కౌన్సిల్ ఆమోదం, లా కోర్సుకి బార్ కౌన్సిల్ ఆమోదం ఉండాలి. ఐసీఏఆర్ గుర్తింపుకి గడువు ఉంటుంది. బ్రోషర్ మీద లోగో ఉంటే సరిపోదు, ఏ సంవత్సరం దాకా ఉందో అడగండి. ఆ పట్టాతో పీజీ ఎంట్రన్స్‌కో, ఉద్యోగానికో దరఖాస్తు పెట్టేటప్పుడు ఆ కాగితమే అడుగుతారు.

ఫీజు దగ్గరికి వద్దాం. 2021-22 నుంచి మన రాష్ట్రంలో ప్రైవేటు యూనివర్సిటీలు 35 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో ఇస్తున్నాయి. ఈ సీటుకే ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ సీటుకి రాదు, స్పాట్ అడ్మిషన్‌కీ రాదు. "ముందు చేరిపోండి, స్కాలర్‌షిప్ సంగతి తర్వాత చూద్దాం" అని ఫోన్లో ఎవరైనా అంటే, ఆ మాట కాగితం మీద రాసిమ్మనండి. యూనివర్సిటీ సొంతంగా ఇచ్చే స్కాలర్‌షిప్‌కి దాదాపు ఎప్పుడూ ఒక షరతు ఉంటుంది. ఫలానా సీజీపీఏ (అన్ని సెమ్‌ల గ్రేడు సగటు) కన్నా తగ్గకూడదు, ఒక్క సబ్జెక్టు కూడా తప్పకూడదు అని. మొదటి సంవత్సరం సగం ఫీజు తగ్గి, రెండో సంవత్సరం మొత్తం కట్టాల్సి వస్తే ఇంట్లో లెక్క తలకిందులవుతుంది. కాబట్టి నాలుగేళ్ల మొత్తం వేసుకోవాలి. ట్యూషన్ ఫీజు, రిజిస్ట్రేషన్, పరీక్ష ఫీజు, హాస్టల్, మెస్, బస్సు, కాషన్ డిపాజిట్, ల్యాప్‌టాప్ అన్నీ కలిపి వేయండి. ఏటా ఎంత శాతం పెరుగుతుందో కూడా ముందే అడగండి. హాస్టల్, మెస్ ఛార్జీలే ఎక్కువగా పెరుగుతాయి.

చేరాక మంచి సీటు ఇంకోచోట వస్తే ఏమవుతుంది? దీనికి యూజీసీ 2018 అక్టోబరు నోటిఫికేషన్ ఉంది. అడ్మిషన్ల చివరి తేదీగా యూనివర్సిటీ ప్రకటించిన రోజుకి 15 రోజులు లేదా అంతకన్నా ముందే మానేస్తే ఫీజు మొత్తం వెనక్కి ఇవ్వాలి. ప్రాసెసింగ్ కింద 5 శాతం దాకా, అదీ 5,000 రూపాయలకు మించకుండా తగ్గించుకోవచ్చు. 15 రోజుల కన్నా దగ్గరైతే 90 శాతం, చివరి తేదీ దాటి 15 రోజుల్లోపు 80 శాతం, 30 రోజుల్లోపు 50 శాతం. ఆ తర్వాత ఏమీ రాదు. కొన్నేళ్లు యూజీసీ ఇంతకన్నా ఉదారంగా విడి సర్క్యులర్లు ఇస్తుంది, ఆ ఏడాదిది చూసుకోవాలి. అదే నోటిఫికేషన్ ఇంకో ముఖ్యమైన సంగతి చెబుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు సంస్థ తన దగ్గర పెట్టుకోకూడదు. చూసి, సరిపోల్చుకుని, తిరిగి ఇచ్చేయాలి. సీటు వదులుకుంటున్నప్పుడు నోటితో చెప్పి వచ్చేయకండి. ఈమెయిల్ పెట్టండి, తేదీతో సహా లెటర్ ఇచ్చి కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. రీఫండ్ శాతం తేలేది ఆ తేదీని బట్టే.

పేర్ల తిప్పలు

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. మన పిల్లల్ని ఎక్కువ తిప్పేది ఇదే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. ఒకచోట "నాయుడు" చివర ఉంటుంది, ఇంకోచోట ఉండదు. నాన్న పేరు ఒక్కో కాగితంలో ఒక్కో స్పెల్లింగు. ఇప్పుడు క్రెడిట్లన్నీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో జమవుతున్నాయి, దానికి అపార్ ఐడీ (ప్రతి విద్యార్థికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) కావాలి, అపార్‌కి పేరు, పుట్టిన తేదీ, లింగం ఆధార్‌తో సరిపోవాలి. సరిపోకపోతే ఐడీ రాదు.

మార్చుకోవాల్సింది ఆధార్‌ని. పదో తరగతి మెమోని మార్చబోకండి. యూనివర్సిటీ, బ్యాంకు, పాస్‌పోర్టు, ఉద్యోగం అందరూ చివరికి పదో తరగతి మెమోనే అసలుగా చూస్తారు. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒకసారి మాత్రమే మార్చనిస్తారు కాబట్టి మెమో పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసి ఇవ్వాలి. ఈ పని జూన్‌లోనే అయిపోవాలి. క్లాసులు మొదలయ్యాక ఆధార్ సెంటర్ కోసం ఒక పూట పోతే, దానితో అటెండెన్స్ కూడా పోతుంది.

కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఇంటర్ టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ, ఫోటోలు. ఇవన్నీ ఐదేసి సెట్లు జిరాక్స్ తీసి, స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు ఫోన్లో, ఇంట్లోవాళ్ల ఫోన్లో కూడా ఉంచండి. టీసీ ఇచ్చేముందు కలర్ స్కాన్ తప్పనిసరి. అది ఒకసారి ఇచ్చాక వెనక్కి తెచ్చుకోవడం కష్టం. బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు అయితే చాలదు, ప్రభుత్వ డబ్బు పడే ఖాతాగా ఎన్‌పీసీఐ మ్యాపింగ్ కూడా ఉండాలి. బ్యాంకులో ఈ మాట చెప్పి అడిగితేనే చేస్తారు.

అటెండెన్స్, క్రెడిట్ల లెక్క

ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు. ల్యాబ్ అయితే రెండు గంటలకి ఒక క్రెడిట్. బీటెక్ మొత్తానికి ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) నమూనా సిలబస్‌లో 160 క్రెడిట్లు ఉన్నాయి, యూనివర్సిటీలు దాని చుట్టుపక్కలే ఉంటాయి. యూజీసీ పది పాయింట్ల పద్ధతిలో ఓ గ్రేడుకి 10, ఏ ప్లస్‌కి 9, ఏకి 8, బీ ప్లస్‌కి 7, బీకి 6, సీకి 5, పీకి 4, ఎఫ్‌కి సున్నా.

ఒక సెమ్ తీసుకుందాం. మ్యాథ్స్ 4 క్రెడిట్లు, ఏ వచ్చింది: 32. ప్రోగ్రామింగ్ 3 క్రెడిట్లు, బీ ప్లస్: 21. ఫిజిక్స్ 3 క్రెడిట్లు, బీ: 18. ఇంగ్లీషు 2 క్రెడిట్లు, ఏ: 16. ఒకటిన్నర క్రెడిట్ల ల్యాబ్ ఒకటి, ఓ: 15. ఇంకో ఒకటిన్నర క్రెడిట్ల ల్యాబ్, ఏ ప్లస్: 13.5. మొత్తం 15 క్రెడిట్లకి 115.5 పాయింట్లు. భాగిస్తే ఎస్‌జీపీఏ, అంటే ఆ సెమ్ గ్రేడు సగటు, 7.7.

ఇప్పుడు ల్యాబ్‌లో ఇంకాస్త కష్టపడి ఏ ప్లస్‌ని ఓ చేస్తే వచ్చేది 7.8. ఫిజిక్స్‌లో బీని ఏ చేస్తే 8.1. మ్యాథ్స్ తప్పితే 83.5ని 15తో భాగించాలి, 5.57కి పడిపోతుంది. ఏ సబ్జెక్టు మీద ఎన్ని గంటలు పెట్టాలో ఈ లెక్కే చెబుతుంది. మన పిల్లలు చాలామంది పీపీటీలు, రికార్డుల అట్టల మీద రాత్రుళ్లు తగలేసి, నాలుగు క్రెడిట్ల సబ్జెక్టుని మిడ్ ముందు రోజు తెరుస్తారు. నా ఉద్దేశంలో మొదటి సంవత్సరం మ్యాథ్స్ ఒక్కటి గట్టిగా పట్టుకుంటే సగం భారం దిగినట్టే.

అటెండెన్స్‌కి వస్తే, 75 శాతం అన్నది సాధారణంగా అందరికీ తెలుసు. దాని లెక్క మాత్రం తెలియదు. వారానికి నాలుగు క్లాసులున్న సబ్జెక్టు 15 వారాలకి 60 క్లాసులు. మానగలిగేది 15. వారానికి మూడైతే 45కి 11. వారానికొకసారి ఉండే ల్యాబ్ 15 సెషన్లయితే మానగలిగేది 3 మాత్రమే. దసరాకి ముందు ఒకటి, సంక్రాంతికి రెండు రోజులు ముందుగా ఊరెళ్లి ఒకటి, జ్వరంతో ఒకటి. అంతే, అయిపోయాయి. షార్టేజీ మొదట వచ్చేది ల్యాబుల్లోనే.

ఇంకో లెక్క చూడండి. సెమ్‌లో పది వారాలు గడిచాయి, 40 క్లాసుల్లో 24కి వెళ్లారు. 60 శాతం. ఇక్కడి నుంచి ఒక్కటీ మానకుండా వెళితే 75కి చేరడానికి వరసగా 24 క్లాసులు కావాలి. మిగిలినవి 20. అన్నిటికీ వెళ్లినా 44 బై 60, అంటే 73.3 శాతం దగ్గర ఆగిపోతుంది. అప్పుడిక కండోనేషనే దారి. అంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి, మినహాయింపు తెచ్చుకోవడం. ఇది సాధారణంగా 65కి, 75కి మధ్య ఉన్నవాళ్లకే ఇస్తారు. 65 దాటకపోతే డిటెయిన్, అంటే ఆ సెమ్ మళ్లీ చదవాలి. అందుకే నెలాఖరుకొకసారి కాకుండా ప్రతి శనివారం యూనివర్సిటీ ఈఆర్పీ యాప్‌లో అటెండెన్స్ చూసుకోండి. ఉన్న రోజు ఆబ్సెంట్ పడితే అదే వారంలో మేడం దగ్గరికో సారు దగ్గరికో వెళ్లి చెబితే దిద్దుతారు. సెమ్ చివర చెబితే రుజువు అడుగుతారు. ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులు, ఆటల పోటీలు, హ్యాకథాన్‌లకి వెళ్లే ముందే ఆన్ డ్యూటీ లెటర్ మీద హెచ్‌ఓడీ (విభాగాధిపతి) సంతకం ఉండాలి. తిరిగొచ్చాక అడిగితే చాలాచోట్ల ఒప్పుకోరు.

రిజిస్ట్రేషన్ కూడా ఒక గండమే. ప్రతి సెమ్ మొదట్లో సబ్జెక్టులు మనమే ఎంచుకుని రిజిస్టర్ చేసుకోవాలి. ఎలక్టివ్‌లకి సీట్లు పరిమితం, పోర్టల్ తెరిచిన మొదటి గంటలోనే నిండిపోతాయి. ఫీజు బకాయి ఉంటే పోర్టల్ తెరుచుకోదు. రీయింబర్స్‌మెంట్ డబ్బు ఆలస్యమైతే కూడా అదే కనిపిస్తుంది. అప్పుడు అకౌంట్స్ సెక్షన్‌లో కన్వీనర్ అలాట్‌మెంట్ ఆర్డరు చూపించి తాత్కాలికంగా తెరిపించుకోవాలి. రిజిస్టర్ కాకుండా సెమ్ అంతా క్లాసులో కూర్చున్నా క్రెడిట్ పడదు. తప్పిన సబ్జెక్టుకి సప్లీ రాయాలన్నా విడిగా రిజిస్టర్ కావాలి, దాని గడువు నోటీసు బోర్డు మీద రెండు మూడు రోజులే ఉంటుంది.

మిడ్‌లు, ల్యాబులు

క్లాసులో చెప్పేవాళ్లే పేపరు ఇస్తారు కాబట్టి మిడ్ ఎలా ఉంటుందో ముందే తెలుస్తుంది. ప్రశ్నపత్రంలో ప్రతి ప్రశ్న పక్కనా కుడివైపు రెండు చిన్న గడులుంటాయి. ఒకదాంట్లో సీఓ1, సీఓ2 అని, ఇంకోదాంట్లో ఎల్1, ఎల్2, ఎల్3 అని. మొదటిది ఆ ప్రశ్న సిలబస్‌లోని ఏ లక్ష్యం కిందికి వస్తుందో చెబుతుంది. రెండోది కష్టం స్థాయి. ఎల్1 గుర్తుపెట్టుకుని రాసేది, ఎల్2 అర్థం చేసుకుని వివరించేది, ఎల్3 లెక్కకో సందర్భానికో వాడి చూపించేది. కోర్సు మొదట్లో ఇచ్చే లెసన్ ప్లాన్‌లో ఈ సీఓల జాబితా ఉంటుంది. గత రెండేళ్ల మిడ్ పేపర్లు సీనియర్ల దగ్గర తీసుకుని, ఏ సీఓ నుంచి ఎల్3 ప్రశ్నలు వస్తున్నాయో గుర్తుపెట్టుకుంటే చదవాల్సింది సగానికి తగ్గుతుంది. గైడ్లు కొనే పని లేదు. అసలు ఈ సిలబస్‌కి గైడ్లు దొరకవు.

ల్యాబులో రెండు పుస్తకాలు నడుస్తాయి, అబ్జర్వేషన్, రికార్డు. ఎక్స్‌పెరిమెంట్ చేసిన రోజే రీడింగులు అబ్జర్వేషన్‌లో పెన్నుతో రాసి సంతకం చేయించుకోవాలి. తర్వాతి వారానికి అది రికార్డులోకి ఎక్కాలి. ఒక వారం రాలేదనుకోండి, రిపీట్ ల్యాబ్ ఎప్పుడో ఆ రోజే అడగండి. కెమిస్ట్రీ, మెకానికల్ ల్యాబుల్లో సెటప్ మారిపోతుంది, నెల తర్వాత మీ ఒక్కరి కోసం మళ్లీ పెట్టరు. సంతకం లేని రెండు ఎక్స్‌పెరిమెంట్లు ఉంటే వైవా ఎంత బాగా చెప్పినా ఇంటర్నల్‌లో కోత పడుతుంది. వర్క్‌షాప్‌కి షూ, ఏప్రన్ లేకపోతే బయటే నిలబెడతారు, ఆ మూడు గంటల అటెండెన్స్ పోయినట్టే.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో వాళ్లు ఎక్కువ. క్లాసులో ఇంగ్లీషు, హాస్టల్లో హిందీ, ఒడియా. రాయగడ, గుణుపూర్ వైపు నుంచి, బిహార్ నుంచి కూడా పిల్లలు వస్తారు. మొదటి నెల భయంగానే ఉంటుంది. చేయాల్సిన పని ఒకటుంది. క్లాసుకి ముందురోజు రాత్రి ఆ పాఠంలోని పదాలు ఒక ఇరవై నిమిషాలు చూసుకుని వెళ్లడం. పదం ముందే పరిచయమైతే చెప్పేది తలకెక్కుతుంది, నోట్సు రాసుకునే వేగం వస్తుంది. జవాబు చిన్న వాక్యాల్లో, బొమ్మతో, పాయింట్లుగా రాయండి. దిద్దేవాళ్లు వ్యాకరణం చూడరు, యూనిట్లు, బొమ్మ మీద లేబుళ్లు, చివరి జవాబు చూస్తారు. సందేహం తెలుగులో అడిగితే చెప్పని మాస్టారు ఉండరు. క్లాసులో మొహమాటమైతే స్టాఫ్ రూమ్‌కి వెళ్లండి. ప్రతి ఫ్యాకల్టీ గది తలుపు మీదా ఖాళీ గంటల టైమ్‌టేబుల్ అంటించి ఉంటుంది.

హాస్టలా, బస్సా

విజయనగరం, నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి పిల్లలైతే ఇంటి నుంచి రావచ్చు. శ్రీకాకుళం నుంచి రోజూ విజయనగరం వైపు తిరగడం నేను వద్దనే అంటాను. రణస్థలం, నాతవలస మీదుగా రోడ్డున సుమారు 70 కిలోమీటర్లు. రైలంటారా, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, అక్కడికే ఊళ్లోంచి 12 కిలోమీటర్ల పైన. పొందూరు, సిగడాం, చీపురుపల్లి వాళ్లకి ప్యాసింజరు బాగా పనికొస్తుంది, నెల్లిమర్లలో కూడా ఆగుతుంది. కానీ ఎక్స్‌ప్రెస్‌లకి దారివ్వడానికి దాన్ని లూప్ లైన్‌లో (పక్క పట్టాల మీద) ఆపేస్తే మొదటి క్లాసు పోతుంది. మొదటి పీరియడ్‌లో నాలుగు క్రెడిట్ల సబ్జెక్టు ఉంటే పైన చెప్పిన లెక్క గుర్తుచేసుకోండి.

ఆడపిల్లలకి 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో టికెట్ ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. సూపర్ లగ్జరీ, నాన్‌స్టాప్‌లకి వర్తించదు. ఇది వచ్చాక యూనివర్సిటీ బస్సుకి ఏడాది ఫీజు ముందే కట్టాలా అన్నది ఆలోచించుకోవాలి. ఆర్టీసీ బస్సు మెయిన్ రోడ్డు దాకానే వస్తుంది, అక్కడి నుంచి క్యాంపస్‌కి ఆటో ఖర్చు ఎంతో, సాయంత్రం ల్యాబ్ ఐదింటికి అయితే తిరుగు బస్సు ఉందో లేదో ఒకసారి స్వయంగా వెళ్లి చూసి నిర్ణయించండి.

హాస్టల్‌కి వెళితే మంచం సుమారు ఆరడుగులు బై మూడడుగులు, పరుపు దానికి తగ్గది. దోమతెర తప్పదు. చెరువులు, పొలాల మధ్య క్యాంపస్‌లు, వర్షాకాలంలో డెంగీ భయం నిజమైనదే. రెండు తాళాలు, వాటి రెండో చెవులు స్నేహితుడి దగ్గర. కెటిల్, ఇస్త్రీ పెట్టె, ఇమ్మర్షన్ రాడ్ చాలాచోట్ల నిషేధం, దొరికితే తీసుకుంటారు. బోరు నీళ్లకి సబ్బు నురగ రాదు, బట్టలకి లిక్విడ్ మేలు. మెస్‌లో మిగతా రాష్ట్రాల పిల్లల కోసం కారం, పులుపు తగ్గించి వండుతారు. ఆవకాయ, కందిపొడి, చిన్న నెయ్యి సీసా ఉంటే నెల గడిచిపోతుంది. వరసగా కొన్ని రోజులు ఊరెళుతుంటే ముందే మెస్ లీవ్ రాసిస్తే రిబేటు ఇస్తారు. ఎన్ని రోజులు కనీసం ఉండాలో హాస్టల్ రూల్స్‌లో ఉంటుంది. అవుట్‌పాస్‌కి ఇంటి నుంచి ఫోనో, ఓటీపీయో కావాలి. నాన్న పాత నంబరు ఇచ్చి ఉంటే శుక్రవారం సాయంత్రం గేటు దగ్గరే ఆగిపోతారు.

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. ముందురోజు జరిగే తోలేళ్ల ఉత్సవం నుంచే విజయనగరంలో రోడ్లు మూసేసి బస్సుల్ని దారి మళ్లిస్తారు. ఆ వారంలో మిడ్ ఉంటే ఊరి అవతలి నుంచి వచ్చేవాళ్లు క్యాంపస్‌లోనే స్నేహితుల గదిలో ఉండిపోవడం మంచిది. అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్లు కూడా మన చదువులో భాగమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, రెండూ సెమిస్టర్ మధ్యలోనే వచ్చాయి. వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే ఫోన్లు, పవర్ బ్యాంకులు నింపుకుని, అసైన్‌మెంట్లు ముందే అప్‌లోడ్ చేసేయండి. కరెంటు పోయాక బోరు నడవదు, బకెట్లు కూడా నింపి పెట్టుకోవాలి.

ర్యాగింగ్ విషయంలో మొహమాటం వద్దు. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522, రోజంతా పనిచేస్తుంది, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు, మార్కులు, సర్టిఫికెట్ల గొడవలకి యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి యూనివర్సిటీలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ, దానిపైన అంబుడ్స్‌పర్సన్ ఉండాలి. కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అది నచ్చకపోతే 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కి అప్పీలు చేసుకోవచ్చు. ఫిర్యాదు ఒకే విషయం మీద, తేదీలతో, రసీదుల నకళ్లతో, ఒక పేజీకి మించకుండా రాయండి. నాలుగు బాధలు కలిపి రాస్తే ఒక్కదానికీ జవాబు రాదు.

ప్లేస్‌మెంట్ల గురించి ఒక్క మాట. చాలా కంపెనీలు మొదటి వడపోతలో చూసేది పదో తరగతి, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ 60 శాతం, ఇంకా బ్యాక్‌లాగ్ (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టు) లేకపోవడం. అందులో మొదటి రెండూ ఇప్పుడు మన చేతుల్లో లేవు. మూడోది మొదటి సెమ్ నుంచే నడుస్తోంది. ఫార్మసీ, కెమిస్ట్రీ పిల్లలకి పైడిభీమవరం పారిశ్రామికవాడ దగ్గర్లోనే ఉంది. అక్కడ ఇంటర్న్‌షిప్ కావాలంటే వేసవికి రెండు మూడు నెలల ముందే డిపార్ట్‌మెంట్ లెటర్‌తో దరఖాస్తు పెట్టాలి, మే నెలలో తిరిగితే దొరకదు.

చివరి సెమ్‌లో నో డ్యూస్ ఫారం పట్టుకుని లైబ్రరీ, ల్యాబులు, హాస్టల్, స్పోర్ట్స్, అకౌంట్స్ తిరగాలి. అది పూర్తయితేనే ప్రొవిజినల్, టీసీ, మైగ్రేషన్, కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో ఇస్తారు. పగిలిన బీకరు డబ్బులు రెండో సంవత్సరంలోవి కూడా అప్పుడు బయటపడతాయి కాబట్టి కట్టిన ప్రతి రసీదు ఫోటో ఉంచుకోండి. కాషన్ డిపాజిట్ దానంతటది రాదు, అసలు రసీదుతో విడిగా దరఖాస్తు పెట్టాలి. పై చదువులకి బయటి దేశం వెళ్లే ఆలోచన ఉంటే ట్రాన్‌స్క్రిప్టులు సీల్డ్ కవర్లలో ఐదారు సెట్లు అప్పుడే తీసుకోండి. తర్వాత తీసుకోవాలంటే బెంగళూరు నుంచో హైదరాబాద్ నుంచో సెలవు పెట్టి రావాలి. పట్టా ప్రింటుకి వెళ్లే ముందు డ్రాఫ్ట్ చూపించి సంతకం అడుగుతారు. పదో తరగతి మెమో పక్కన పెట్టుకుని ఇంటిపేరు, నాన్న పేరు, బ్రాంచి పేరు సరిచూసుకున్నాకే సంతకం పెట్టండి. ప్రింటయ్యాక మార్చాలంటే అఫిడవిట్, మళ్లీ ఫీజు, కొన్ని నెలల ఎదురుచూపు తప్పదు.